తోలు వాషర్ నుంచి డిస్క్ బ్రేకు దాకా

పోయిన నెల జేసీబీ సిలిండర్ల గురించి రాస్తే శానామంది చదివిండ్రు. ఈసారి అంతకన్నా చిన్న వస్తువు గురించి రాస్తున్న. కొండల మీద తిరిగే సైకిళ్ళు ఉంటయి కదా, మౌంటెన్ బైకులు, వాటికి ఇప్పుడు హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు వస్తున్నయి. ఆ బ్రేకు లోపల వేలి ఉంగరం అంత రబ్బరు రింగు ఉంటది. దాన్ని సీలు అంటరు. మనిషి ప్రాణం దాని మీద ఉంటది. ఆ రింగు అట్ల రావడానికి రెండు వందల ఏండ్లు పట్టింది, ఆ కథలో మనలాంటి పనోళ్ళు మస్తుమంది ఉన్నరు. కొంచెం పొడుగు పోస్టు, తీరికగా చదవండి.

పదో తరగతిలో పాస్కల్ నియమం చదివినం, గుర్తున్నదా? మూసి ఉన్న పాత్రలో నీళ్ళ మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని దిక్కులకు సమానంగా పోతది. మా సారు అది బోర్డు మీద రాసి, పరీక్షలో రెండు మార్కులు అని చెప్పి తుడిచేసిండు. బ్లేజ్ పాస్కల్ అనే ఫ్రాన్స్ ఆయన 1662లో చనిపోయిండు, ద్రవాల మీద ఆయన రాసిన పుస్తకం మరుసటి ఏడు 1663లో అచ్చయింది. సన్న పిస్టన్ మీద కొద్ది బలం పెడితే లావు పిస్టన్ దగ్గర పెద్ద బలం వస్తదని అందులోనే ఉన్నది. లెక్క సులువు. ఒక పిస్టన్ అడ్డంగా 10 మిల్లీమీటర్లు, ఇంకోటి 20 అనుకోండి. అడ్డం రెండింతలే, కానీ వైశాల్యం నాలుగింతలు, కాబట్టి బలం నాలుగింతలు. దానికి బదులు సన్న పిస్టన్ నాలుగింతలు దూరం జరగాలె. ఊరికే ఏదీ రాదు.

ఇంత మంచి సూత్రం పుస్తకంలో ఉన్నా నూటముప్పై ఏండ్ల దాకా దాంతోని పనికొచ్చే మిషను రాలేదు. పెద్ద కారణం లీకు. పిస్టన్ వదులుగా ఉంటే నీళ్ళు పక్క నుంచి చిమ్ముతయి. బిగుతుగా ప్యాకింగ్ కుక్కితే పిస్టన్ కదలదు, కదిలినా వెనక్కి రాదు. సైటులో పాత జాకీతోని పని చేసినోళ్ళకు ఈ బాధ ఎట్లుంటదో నేను చెప్పనక్కర లేదు.

లండన్‌లో జోసెఫ్ బ్రామా అని ఒక పనిమంతుడు ఉండె. యార్క్‌షైర్ రైతు కొడుకు, వడ్రంగం నేర్చినోడు, తాళాలు చేసి పేరు తెచ్చుకున్నడు. తన తాళాన్ని దుకాణం కిటికీలో పెట్టి, ఇది తెరిచినోళ్ళకు 200 గినీలు ఇస్తానని బోర్డు రాసిండు. 1851 దాకా ఎవ్వరూ తెరవలేదు, అప్పటికి ఆయన పోయి ముప్పై ఏడేండ్లు. ఈ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నడు. మనం వాడే బాటిల్ జాకీ, కారు లిఫ్టు, జేసీబీ చెయ్యి, అన్నిటికీ పెద్ద తాత అదే. పేటెంటు అయితే వచ్చింది గానీ, ప్రెస్సు పిస్టన్ దగ్గర లీకు ఆగలేదు.

ఆయన దగ్గర ఫోర్మన్‌గా హెన్రీ మాడ్‌స్లే అని ఒక పోరడు పని చేస్తుండె. 1771లో పుట్టిండు. పన్నెండేండ్లకే వూలిచ్ ఆయుధాల కార్ఖానాలో తూటాలకు మందు నింపే పనికి పోయిండు, ఆ తర్వాత వడ్రంగి కొట్టం, ఆ తర్వాత కమ్మరి కొలిమి. పద్దెనిమిదేండ్లకు బ్రామా దగ్గర చేరి తన చేతి పని చూపించి ఫోర్మన్ అయిండు. లీకు ఆపిన ఆలోచన ఈయనదే. తర్వాత కాలంలో మాడ్‌స్లే కింద పని నేర్చిన జేమ్స్ నాస్మిత్ అనే ఇంజనీరు, ఆ మాట మాడ్‌స్లే స్వయంగా తనకు చెప్పిండని చెప్పిండు.

ఆ ఆలోచన ఏందంటే, తోలును తడిపి అచ్చులో ఒత్తి గిన్నె అంచు లెక్క ఒంచిండు. ఆ తోలు రింగును పిస్టన్ చుట్టూ గాడిలో కూర్చోబెట్టిండు, తెరిచి ఉన్న దిక్కు నీళ్ళ వైపుకు పెట్టి. నీళ్ళ ఒత్తిడి పెరిగిన కొద్దీ ఆ అంచు విచ్చుకొని పిస్టన్‌ను పట్టుకుంటది. ఒత్తిడి తీసేస్తే అంచు సడలుతది, పిస్టన్ ఊరికే వెనక్కి వస్తది. లీకు చేద్దామని చూసే నీళ్ళనే లీకు ఆపే పనికి పెట్టిండు! ఇది చదివిన రోజు నేను శానాసేపు దీని గురించే ఆలోచించిన.

మీరు ఇది చూడలేదు అనుకోకండి. మన ఊళ్ళల్లో సైకిల్ గాలి పంపు ఉంటది కదా, దాని రాడ్డు చివర తోలు వాషర్ ఉంటది. ఎండకాలం అది ఎండిపోతే ఎంత కొట్టినా గాలి ఎక్కదు. సైకిల్ షాపాయన రాడ్డు బయటకు గుంజి, తోలుకు నూనె రాసి, అంచును వేలుతోని విప్పి మళ్ళీ పెట్టేటోడు. అదే సూత్రం. వాడకట్టు బోరింగు లోపల కూడా తోలు వాషర్లే ఉండేవి, అవి అరిగితే ఎంత కొట్టినా నీళ్ళు పైకి రావు. తర్వాత తోలు పోయి నైట్రైల్ రబ్బరువి వచ్చినయి. ఈ నైట్రైల్ అనే పేరు గుర్తుపెట్టుకోండి, ముందు దీంతోని పని ఉన్నది.

మాడ్‌స్లేకు వచ్చిందేంది మరి? వారానికి 30 షిల్లింగుల జీతం. పెండ్లయింది, పిల్లలు పెరుగుతున్నరు. 1797లో జీతం పెంచమని అడిగిండు. బ్రామా కుదరదన్నడు, ఆ చెప్పుడు కూడా మర్యాదగా చెప్పలేదంటరు. ఈయన పని విడిచి బయటకు వచ్చి చిన్న షాపు పెట్టుకున్నడు. స్క్రూలు కచ్చితంగా కోసే లేతు మిషన్లకు తర్వాత ఆయన పేరే మోగింది, ఇంగ్లండులో పెద్ద పెద్ద ఇంజనీర్లు ఆయన షాపులోనే పని నేర్చుకున్నరు. ప్రెస్సుకు మాత్రం ఇవ్వాల్టికీ బ్రామా ప్రెస్సు అనే పేరే ఉన్నది. సీలు పెట్టినోని పేరు ఎవరూ చెప్పరు. గల్ఫులో ఇరవై ఏండ్లు చేసినోళ్ళకు ఇందులో కొత్త ఏమీ కనిపించదు. నాకు తేడా ఒక్కటే కనిపించింది, ఆయన పాస్‌పోర్టు ఆయన దగ్గరనే ఉండె, విడిచిపెట్టి పోగలిగిండు.

బ్రామా 1814లో పోయిండు. హాంప్‌షైర్ అడవిలో తన ప్రెస్సులతోని చెట్లు వేర్లతో సహా పీకించే పని దగ్గరుండి చూసుకుంట, చలి పట్టి జబ్బు చేసి చనిపోయిండు. అరవై దాటిన మనిషి, పెద్ద ముతల్లీ, అయినా పని దగ్గరనే నిలబడ్డడు. అదీ రాయాలె కదా.

మన సైటు పనోళ్ళ కోసం ఇంకో సంగతి ఇక్కడే చెప్త. వేల్స్‌లో మెనాయ్ జలసంధి మీద బ్రిటానియా వంతెన కట్టిండ్రు, ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్సన్. ఇనుప రేకులతోని పెట్టె లెక్క పెద్ద గొట్టాలు చేసి, అందులోంచి రైలు పోవాలని ప్లాను. పొడుగు గొట్టం ఒక్కొక్కటి సుమారు 460 అడుగులు, బరువు 1,500 టన్నుల పైన. నీళ్ళ మీద తేలించుకుంట తెచ్చి, హైడ్రాలిక్ ప్రెస్సులతోని నూరడుగుల ఎత్తుకు లేపాలె. స్టీఫెన్సన్ ఒక్క మాట మీద పట్టుబట్టిండు. గొట్టం లేస్తున్న కొద్దీ కింద ఖాళీ లేకుండా ఇటుక కట్టుకుంట రావాలె అని. పని ఆలస్యమైతదని గొణిగినోళ్ళు ఉన్నరు. 1849 ఆగస్టులో ఒక ప్రెస్సు సిలిండర్ అడుగు పగిలింది. ఒక కార్మికుడు చనిపోయిండు. గొట్టం మాత్రం కొన్ని అంగుళాలే దిగి ఇటుకల మీద కూర్చుంది. ఆ కట్టుడు లేకపోతే మొత్తం సముద్రంలో ఉండేది. జాకీ మీద బరువు ఉన్నప్పుడు కింద స్లీపర్లు పెట్టండిరా అంటే నవ్వే పోరగాండ్లకు ఇది చదివి వినిపించండి.

ఇక బండి బ్రేకుల దగ్గరికి వద్దాం. కార్లకు మొదట్లో బ్రేకులు రాడ్లతోని, తీగెలతోని ఉండేవి. నాలుగు చక్రాలకు సమానంగా పట్టేవి కావు, బండి ఒక పక్కకు గుంజేది. అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ అనే ఆయన 1917లో హైడ్రాలిక్ బ్రేకుకు పేటెంటు తీసుకున్నడు. విమానాల లాక్‌హీడ్ ఆయన తమ్ముడిదే. 1921లో డ్యూసెన్‌బర్గ్ అనే ఖరీదైన కారుకు నాలుగు చక్రాలకు ఆ బ్రేకు వచ్చింది. కానీ లోపల సీళ్ళు ఏంటివి? మళ్ళీ తోలువే. తోలు ఎండితే ముడుచుకుంటది, లీకు. 1924లో క్రైస్లర్ కంపెనీ ఇంజనీర్లు ఆ తోలు తీసి రబ్బరు కప్పులు పెట్టిండ్రు. అప్పటి నుంచే ఈ బ్రేకు మామూలు కారుకు కూడా పనికొచ్చేది అయింది.

ఆ రబ్బరు ఎక్కడిది? అప్పట్లో ప్రపంచంలో రబ్బరు ఎక్కువ భాగం మలయా నుంచి, పక్కన డచ్చోళ్ళ దీవుల నుంచి వచ్చేది. మలయా తోటలల్లో పొద్దున చీకటితోనే చెట్లకు గీతలు పెట్టి పాలు పట్టినోళ్ళలో తమిళులతో పాటు మన తెలుగోళ్ళు కూడా ఉన్నరు, శ్రీకాకుళం, విశాఖపట్నం దిక్కు నుంచి ఓడలెక్కి పోయినోళ్ళు. వాళ్ళ మనుమలు, ముని మనుమలు ఇప్పటికీ మలేషియాలో తెలుగు మాట్లాడుతున్నరు. మనకంటే ముందు దేశం దాటిన కూలీలు వాళ్ళు.

ఇప్పుడు అసలు ముడి ఇక్కడ ఉన్నది. చెట్టు రబ్బరుకు పెట్రోలు నూనె పడదు. డీజిలు గానీ ఇంజన్ ఆయిల్ గానీ తగిలితే ఉబ్బిపోతది, మెత్తబడతది. అందుకని ఆ కాలం బ్రేకు నూనెలో ఏం పోసేటోళ్ళో తెలుసా? ఆముదం, అందులో స్పిరిట్ కలిపి! నిజంగానే. మన మహబూబ్‌నగర్, నల్లగొండ చెలకల్లో పండే ఆముదం గింజల నూనె జాతే. ఆముదం రబ్బరును ఏమీ చెయ్యదు. చిన్నప్పుడు మా నాయనమ్మ మా కడుపులోకి పోసేది, మమ్మల్ని మాత్రం చేసింది, అది వేరే సంగతి.

తర్వాత ఆముదం స్థానంలో గ్లైకాల్ జాతి రసాయనాలు వచ్చినయి. వాటినే డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 అంటున్నం. డాట్ అంటే అమెరికా రవాణా శాఖ పేరులోని మూడు పొడి అక్షరాలు, వాళ్ళు పెట్టిన కొలత. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. కానీ ఈ గ్లైకాల్‌కు ఒక గుణం ఉన్నది, గాలిలో తేమను పీల్చుకుంటది. తేమ పట్టినంక అదే డాట్ 4కు లెక్క 155 డిగ్రీలే. నూనె మరిగితే ఆవిరి బుడగలు వస్తయి. నూనె నొక్కితే నొక్కుకుపోదు, బుడగ నొక్కుకుపోతది. లీవర్ పట్టుకుంటే హ్యాండిల్ దాకా వచ్చేస్తది, బండి ఆగదు. షార్జా, ఫుజైరా సముద్రం పక్కన ఆగస్టు తేమలో ఉండే మనకు ఇది ముఖ్యం. మూత తీసిన డాట్ డబ్బాను ఏడాది తర్వాత మళ్ళీ వాడకండి.

ఇంకో దిక్కు పెట్రోలు నూనెకు తట్టుకునే రబ్బరు కోసం వెతికిండ్రు. జర్మనీలో 1930లలో నైట్రైల్ రబ్బరు తయారైంది. దానికి ఖనిజ నూనె అంటే భయం లేదు, కానీ గ్లైకాల్ పడదు. 1960లల్లో ఈపీడీఎం అనే ఇంకో రబ్బరు వచ్చింది, దానికి గ్లైకాల్ అంటే ఏమీ కాదు, ఖనిజ నూనె తగిలితే ఉబ్బుతది. చూసిండ్రా, సరిగ్గా తలకిందులు. ఫ్రాన్స్ సిట్రోయెన్ కంపెనీకి ఈ తిప్పలు బాగా తెలుసు. 1955లో వాళ్ళు తెచ్చిన డీఎస్ కారులో బ్రేకు, సస్పెన్షన్, స్టీరింగు అన్నీ హైడ్రాలిక్‌తోనే నడిచేవి. ముందు వాడిన నూనె తేమ పీల్చి లోపల తుప్పు పట్టించేది. 1960ల చివరికొచ్చేసరికి ఆకుపచ్చ రంగు ఖనిజ నూనెకు మారిండ్రు. సీళ్ళు కూడా అన్నీ మార్చిండ్రు, ఒకదాంట్లో ఇంకోటి పోయకుండా సామాన్లకు ఆకుపచ్చ రంగు కొట్టిండ్రు. చదువు రాని మెకానిక్‌కు కూడా తెలవాలె అని. నాకు నచ్చిన పని అది.

డిస్కు కథ కొంచెం వేరు. బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నడు, కానీ అది నడిచే రోజులు యాభై ఏండ్లకు వచ్చినయి. 1953లో ఫ్రాన్స్ లీ మాన్స్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్కు బ్రేకులు పెట్టుకున్న జాగ్వార్ కార్లు గెలిచినయి. డ్రమ్ములు లోపల వేడెక్కి పట్టు విడుస్తుంటే, డిస్కు బయట గాలికి చల్లబడింది. అంతే తేడా.

సైకిలుకు ఇవన్నీ ఎందుకు అనొచ్చు. కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ అని ఉన్నది, అక్కడ టామల్‌పాయిస్ కొండ. 1970లల్లో కొందరు పోరగాండ్లు యుద్ధానికి ముందు కాలం నాటి బరువు సైకిళ్ళు, లావు టైర్లవి, ఏరుకొచ్చి కొండ మీద నుంచి మట్టి బాటలో కిందికి దూసుకొచ్చేటోళ్ళు. 1976 అక్టోబరు 21న ఆ మారిన్ కౌంటీలోనే మొదటి పందెం పెట్టిండ్రు. రెండు మైళ్ళ లోపే 1,300 అడుగుల దిగుడు. ఆ సైకిళ్ళకు పెడలు వెనక్కి తొక్కితే వెనక చక్రం హబ్బులో పట్టే బ్రేకు ఉండె. ఒక్కసారి దిగేసరికి హబ్బు కాలిపోయి లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతిసారి హబ్బు విప్పి గ్రీజు మళ్ళీ కుక్కాలె. ఇంగ్లీషులో దాన్ని రీప్యాక్ అంటరు. ఆ బాటకు రీప్యాక్ అనే పేరే పడిపోయింది. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ, టామ్ రిచీ వీళ్ళందరూ ఆ చుట్టూ తిరిగినోళ్ళే. అంటే మౌంటెన్ బైకు పుట్టిన చోటు పేరులోనే బ్రేకు సర్వీసింగ్ ఉన్నది.

తర్వాత రిమ్ము పట్టే బ్రేకులు వచ్చినయి. జర్మనీలో మగురా అనే కంపెనీ, 1893 నాటిది, 1987లో సైకిల్ రిమ్ముకు హైడ్రాలిక్ బ్రేకు తెచ్చింది. అందులో ఖనిజ నూనె, నీలం రంగుది. రిమ్ముకు బురద, నీళ్ళు తగిలితే ఏ బ్రేకైనా జారుతది, పైగా రిమ్మే అరిగిపోతది. కాబట్టి హబ్బు పక్కన డిస్కు పెట్టాలన్న ఆలోచన వచ్చింది. ఇంగ్లండులో లాంకషైర్ దిక్కు బార్నాల్డ్స్‌విక్ అనే చిన్న ఊళ్ళో రోల్స్‌రాయిస్ విమాన ఇంజన్ల కార్ఖానాలో చేసిన ఇద్దరు, ఇయాన్ వెదరిల్, సైమన్ షార్ప్, 1989లో హోప్ అనే కంపెనీ పెట్టిండ్రు. వాళ్ళ సైకిళ్ళకే మంచి బ్రేకు లేక సొంతంగా చేసుకున్నరు. 1990ల చివర్లో అమెరికా హేస్, ఆ వెంటనే జపాన్ షిమానో కూడా హైడ్రాలిక్ డిస్కు తెచ్చినయి, అక్కడి నుంచి ధరలు దిగినయి. షిమానో, మగురా ఖనిజ నూనె దిక్కు. హోప్ డాట్ దిక్కు. స్రామ్ కంపెనీ శానా ఏండ్లు డాట్ దిక్కే ఉండి, 2022లో డీబీ8, 2024లో మేవెన్ అనే బ్రేకులను ఖనిజ నూనెతోని దించింది. కాబట్టి కంపెనీ పేరు చూసి నూనె పొయ్యకండి. లీవర్ మూత మీద రాసి ఉంటది, అది చదవండి.

చదవకపోతే ఏమైతదో మా క్యాంపులో చూసిన. ఫుజైరా కొండల్లో సైటు, క్యాంపు పైన, సైటు కింద. స్కాఫోల్డింగ్ పనికి వచ్చిన ఒక తమ్ముడు, నిజామాబాద్ దిక్కోడు, పాత మౌంటెన్ బైకు కొన్నడు. బ్రేకు మెత్తగా ఉన్నదని టౌనులో ఒక షాపుకు తీసుకపోతే, ఆ షాపాయన కార్లకు పోసే డాట్ 4 పోసి పంపిండు. ఆ బ్రేకు ఖనిజ నూనెది. మొదటి వారం బాగనే పట్టింది, అదే మోసం. సీళ్ళు మెల్లగా ఉబ్బుతయి. మూడో వారానికి వెనక బ్రేకు పట్టుకొని విడవలేదు, ముందు లీవర్ నొక్కితే తిరిగి రాలేదు. దిగుడులో పడ్డడు. ప్రాణం పోలేదు గానీ మణికట్టు వాచి నాలుగు రోజుల జీతం పోయింది. నేను విప్పి చూస్తే సీళ్ళు గాడిలో నుంచి ఉబ్బి బయటకు వచ్చినయి, గోరుతోని గీకితే మసి లెక్క అంటింది. కడిగితే బాగైతదా అన్న అని అడిగిండు. కాదు తమ్మీ, ఉబ్బిన రబ్బరు మళ్ళీ మునుపటి లెక్క కాదు, హోస్ పైపు లోపలి పొర కూడా నమ్మకం లేదు అని చెప్పిన. ఆ రకం కాలిపర్‌కు సీళ్ళు విడిగా అమ్మరు. మొత్తం సెట్టు మార్చుకోవలసి వచ్చింది.

ఇక్కడ నా మనసులో మాట చెప్త. పది దిర్హాముల సీలు కోసం రెండు వందల దిర్హాముల కాలిపర్ పారేయించే పద్ధతి నాకు నచ్చదు. కంపెనీలు చెప్పే కారణం ఉన్నది, ఎవరంటే వాళ్ళు విప్పి తప్పుగా పెడితే ప్రాణం పోతదని. అది ఉట్టి మాట కాదు. కానీ హోప్ లాంటి కంపెనీ పాత మోడళ్ళకు కూడా సీలు కిట్టు అమ్ముతున్నది కదా, వాళ్ళ బ్రేకులు పట్టుకొని మనుషులు కొండలు దిగుతనే ఉన్నరు కదా. మా ఇంగ్లండు ఇంజనీరు సారుకు ఆ బ్రేకే ఉన్నది, సీళ్ళు వేసే పని ఇద్దరం కలిసి చేసినం.

ఆ సీలు ఎట్ల పని చేస్తదో చెప్తేనే చరిత్ర పూర్తి అయితది. లీవర్ దగ్గర ఉండే సీలు మాడ్‌స్లే తోలుకు మనుమడు, అంచు విచ్చుకునే కప్పు. కాలిపర్‌లో ఉండేది వేరే తీరు. కోసి చూస్తే చతురస్రం. పిస్టన్ బయటకు పోయేటప్పుడు ఈ చతురస్రం పిస్టన్‌ను పట్టుకొనే ఉండి కొంచెం ఒరుగుతది, మనిషి ఒక పక్కకు వాలినట్టు. లీవర్ విడిచిపెట్టంగనే రబ్బరు నిటారుగా అయితది, దాంతోపాటు పిస్టన్‌ను వెంట్రుకంత వెనక్కి గుంజుకుంటది. డిస్కుకు, ప్యాడుకు మధ్య ఆ సందు అట్ల వస్తది. పిస్టన్‌ను వెనక్కి తెచ్చే స్ప్రింగు పని రబ్బరే చేస్తది. ప్యాడు అరిగినప్పుడు పిస్టన్ సీలులో నుంచి ఇంకొంచెం ముందుకు జారి అక్కడ నిలబడతది, అంటే అడ్జస్టు కూడా అదే చేసుకుంటది. దుమ్ము పట్టినా, ఎండిపోయినా ఈ ఒరిగే గుణం పోతది. ఒక పిస్టన్ ముందుకు వస్తది, ఎదురుది రాదు, డిస్కు రాసుకుంట చప్పుడు చేస్తది. శానాసార్లు సీలు మార్చే అవసరం కూడా ఉండదు. పిస్టన్‌ను కొంచెం బయటకు తెచ్చి, చుట్టూ తుడిచి, అదే బ్రేకు నూనె చుక్క రాసి, నాలుగైదుసార్లు లోపలికి బయటికి చేస్తే సరిపోతది. పిస్టన్ చుట్టూ తడి కనిపిస్తేనే సీలు మార్చాలె.

మార్చేటప్పుడు మేము చేసింది ఇది. చక్రం, ప్యాడ్లు తీసేసి, డిస్కును దూరంగా పెట్టినం, దానికి నూనె చుక్క తగిలినా బ్రేకు పోయినట్టే. పిస్టన్లను లీవర్‌తోనే మెల్లగా బయటకు తెచ్చి, చివర్లో బట్ట అడ్డం పెట్టి కొద్దిగా గాలి కొట్టినం. గాలి ఎక్కువ కొడితే పిస్టన్ తూటా లెక్క వస్తది, వేళ్ళు అడ్డం పెట్టొద్దు. పాత సీలును వెదురు పుల్లతోని లేపినం. స్క్రూడ్రైవర్ మొన పెడితే గాడి మీద గీత పడతది, ఆ గీతలో నుంచి జీవితాంతం లీకే. గాడిని స్పిరిట్‌తోని కడిగి, వెలుతురుకు పెట్టి చూసి, కొత్త సీలుకు ఆ బ్రేకు నూనెనే రాసి కూర్చోబెట్టినం. గ్రీజు రాయలేదు. సీలు మెలిక పడిందా అని వేలుతోని చుట్టూ తడిమి చూడాలె, కన్ను మోసపోతది గానీ వేలు మోసపోదు. పిస్టన్ నిటారుగా పెట్టి బొటనవేళ్ళతోని ఒత్తితే పోవాలె. సుత్తి అవసరం వచ్చిందంటే ఏదో తేడా ఉన్నట్టే.

ఎయిర్ తీసుడు అన్నిటికంటే ఓపిక పని. కింద కాలిపర్ దగ్గర సిరంజి పెట్టి నూనె పైకి నెట్టాలె, ఎందుకంటే బుడగ పైకి పోయే గుణం ఉన్నది, మనం దానికి ఎదురు పోవద్దు. హోస్ పైపును కింది నుంచి పైదాకా వేలుతోని కొట్టుకుంట పోతే అంటుకున్న బుడగలు కదులుతయి. లీవర్ నొక్కి హ్యాండిల్‌కు రబ్బరు బ్యాండు కట్టి కాసేపు ఉంచినం. నొక్కితే రాయి లెక్క ఆగాలె, స్పాంజి లెక్క పోవద్దు. నూనె తాగిన ప్యాడ్లను మంట మీద కాల్చి మళ్ళీ వాడేటోళ్ళు ఉన్నరు, అది చెయ్యకండి, కొత్తవి వేసుకోండి. కొత్త ప్యాడ్లు మొదటి రోజే పట్టవు. చదును రోడ్డు మీద కొంచెం వేగంగా పోయి, చక్రం లాక్ కాకుండా మెల్లగా దాదాపు ఆగేదాకా పట్టాలె, అట్ల ఇరవై ముప్పై సార్లు. అప్పుడు ప్యాడు పొర డిస్కు మీద పరుచుకుంటది.

డాట్ నూనె పెయింటును తింటది, చర్మాన్ని మండిస్తది, గ్లవుజులు వేసుకోండి, సైకిలు ఫ్రేము మీద పడితే వెంటనే నీళ్ళతోని కడగండి. తీసిన పాత నూనెను క్యాంపు వెనక ఇసుకలో పారబొయ్యకండి. సైటులో వాడిన ఇంజన్ ఆయిల్ పోసే డ్రమ్ములో కలపకుండా, వేరే సీసాలో పోసి, మీద పేరు రాసి, స్టోరు ఆయనకు ఇయ్యండి.